ఎకౌస్టిక్ గిటారుకు పెడళ్లు: రివర్బ్ ఆపగానే మంద్రం మాయమవుతోంది

ఆరుతీగలు:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఎకౌస్టిక్ గిటారు వాయిస్తున్నాను. ఇంతకాలం చెక్క నుంచి వచ్చే నాదమే నాకు సరిపోయింది. ఇప్పుడు పదిమంది ముందు వాయించే అవకాశాలు వస్తున్నాయి కాబట్టి శాడిల్ (తీగలు ఆనే సన్నటి పట్టీ) కింద పీజో పికప్ పెట్టించాను, అంటే తీగ ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చేది. ఆ ఊపులోనే రెండు పెడళ్లు, అంటే కాలితో నొక్కి శబ్దాన్ని మార్చుకునే పెట్టెలు, కూడా కొన్నాను. ఒకటి శబ్దాన్ని జతగా మోగుతున్నట్లు వినిపించే కోరస్, ఇంకొకటి గది ప్రతిధ్వని చేర్చే రివర్బ్. గిటారు నుంచి కోరస్, దాని నుంచి రివర్బ్, అక్కడి నుంచి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్. ఇదీ వరస.

రెండు పెడళ్లూ ఆపి వాయిస్తే రేకు డబ్బాను గోటితో గీకినట్లు ఉంటోంది. ఆరో తీగ మోగుతోందో లేదో తెలియడం లేదు. గెయిన్ చివరిదాకా తిప్పితే నాదం కంటే బుసే ఎక్కువ. రివర్బ్ నొక్కానో లేదో, అదే గిటారుకు ఒళ్లు వచ్చేస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే రివర్బ్ మిక్స్ నాబ్ సున్నాలో పెట్టినా అంతే. అంటే ప్రతిధ్వని చుక్క కూడా లేదు, పెడల్ వెలిగి ఉంది, అంతే. అయినా మంద్రం తిరిగి వస్తోంది.

పెడల్‌లో ఏదైనా లోపం ఉందా? తర్వాత కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను సర్దేది), డిలే (వాయించినదాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) కొనాలనుకుంటున్నాను. ఏది ముందు కొనమంటారు?

వేలికొస:
స్వాగతం. గిటారులో 9 వోల్టుల బ్యాటరీ ఎక్కడైనా ఉందా? ఉంటే మార్చి చూడండి. బ్యాటరీ నీరసించినప్పుడు పీజో గొంతు ఇలాగే పీలగా మారుతుంది. కేబుల్ కూడా ఒకసారి చూసుకోండి. మరీ పొడుగైతే కొంత నాదాన్ని తినేస్తుంది.

చెక్కనాదం:
నా మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. ఎకౌస్టిక్ గిటారుకు పెడళ్లు అవసరం లేదు. పన్నెండో ఫ్రెట్ ఎదురుగా ఒక జానెడు దూరంలో మంచి కండెన్సర్ మైకు పెడితే గిటారు తయారుచేసినవాడు ఏ నాదం కోసం చెక్కను అంత పలచగా చెక్కాడో అది వినిపిస్తుంది. పీజో వినేది తీగ శాడిల్ మీద వేసే ఒత్తిడిని. పెట్టెలో గాలి కదలడం, పై చెక్క ఊగడం దానికి సరిగా అందవు. అందని దాన్ని ఏ పెడల్ తెచ్చిపెడుతుంది?

టంకంపొగ:
ఆరుతీగలు గారూ, పెడల్‌లో లోపం లేదు. మీరు చెప్పిన లక్షణం నేను బాగు చేసే బల్ల మీద ఎన్నోసార్లు చూశాను. రివర్బ్ సున్నాలో ఉన్నా మంద్రం వస్తోందని గమనించి రాశారు చూడండి, జబ్బు ఏమిటో ఆ ఒక్క వాక్యం చెప్పేసింది.

మీ పికప్‌లో ప్రీఆంప్, అంటే బలహీనమైన సంకేతాన్ని లేపే చిన్న సర్క్యూట్, లేదని నా అనుమానం. ప్రీఆంప్ లేని పీజో అంటే విద్యుత్ లెక్కలో ఒక చిన్న కెపాసిటర్. విలువ సుమారు 1 నానోఫారడ్ అనుకుందాం. కొన్నింటికి ఇంకా తక్కువే ఉంటుంది. దాన్ని దేనికి తగిలించినా, ఆ ఇన్‌పుట్ నిరోధంతో కలిసి మంద్రాన్ని కోసేసే వడపోతగా మారుతుంది. ఎక్కడి నుంచి కోస్తుందన్నది ఆ నిరోధాన్ని బట్టి ఉంటుంది.

మీ మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అనుకోండి. కోత సుమారు 16,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మీ ఆరో తీగ 82 హెర్ట్జ్, ఒకటో తీగ 330 హెర్ట్జ్. అంటే గిటారు మొత్తం కోత కిందే ఉంది. పైగా కిందికి పోయేకొద్దీ కోత పెరుగుతుంది కాబట్టి ఒకటో తీగ కంటే ఆరో తీగకు మరో 12 డెసిబెళ్లు ఎక్కువ దెబ్బ. రేకు డబ్బా అన్నారే, అదే ఇది.

అదే పీజోను 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే కోత 159 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఆరో తీగకు సుమారు 7 డెసిబెళ్ల నష్టం మాత్రమే మిగులుతుంది. 10 మెగా ఓమ్‌లకు తగిలిస్తే కోత 16 హెర్ట్జ్ దగ్గర, అంటే తీగలన్నిటికీ దిగువన ఉంటుంది. ఆరో తీగ నిండుగా వస్తుంది.

ఇప్పుడు మీ పెడళ్ల సంగతి. రెండూ ట్రూ బైపాస్ రకం అయి ఉండాలి. ఆపినప్పుడు అవి లోపల ఒట్టి తీగముక్కలే. పీజో నేరుగా మిక్సర్ 10 కిలో ఓమ్‌ల నోట్లో పడుతోంది. రివర్బ్ ఆన్ చేసినప్పుడు పీజోకు కనిపించేది పెడల్ ఇన్‌పుట్, అది సాధారణంగా 1 మెగా ఓమ్ ఉంటుంది. పెడల్ అవతలి వైపు మిక్సర్‌ను తేలికగా నడిపిస్తుంది. మీకు నచ్చినది రివర్బ్ కాదు, రివర్బ్ గుమ్మంలో ఉన్న బఫర్, అంటే పికప్ మీద భారం పడకుండా సంకేతాన్ని ముందుకు పంపే సర్క్యూట్.

పరీక్ష కావాలంటే రివర్బ్ ఆపి, కోరస్ ఆన్ చేసి దాని డెప్త్ (ప్రభావం ఎంత ఉండాలో చెప్పే నాబ్) సున్నాలో పెట్టండి. అప్పుడు కూడా మంద్రం వస్తే నా మాట నిజం.

వేలికొస గారూ, కేబుల్ మాట కొంచెం సరిచేస్తాను. అయస్కాంత పికప్‌కు పొడుగు కేబుల్ తగిలిస్తే పైస్థాయి మెరుపు పోతుంది. పీజోకు అలా కాదు. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు వేసుకుంటే 6 మీటర్లకు 600. అది పీజో కెపాసిటెన్స్‌తో పంచుకుని మొత్తం శబ్దాన్నే సుమారు 4 డెసిబెళ్లు తగ్గిస్తుంది, రంగు మార్చదు. అయినా ప్రీఆంప్ దాకా కేబుల్ పొట్టిగా ఉండడమే మేలు. ఇంత ఎక్కువ ఇంపీడెన్స్ (నిరోధం) ఉన్నచోట కేబుల్ కాలికి తగిలినా దడదడ వినిపిస్తుంది.

వేలికొస:
కేబుల్ విషయం ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాను. ధన్యవాదాలు టంకంపొగ గారూ.

ఆరుతీగలు:
గిటారు లోపల చెయ్యి పెట్టి వెతికాను. బ్యాటరీ లేదు. శాడిల్ కింద నుంచి వచ్చిన సన్నటి తీగ నేరుగా అడుగున ఉన్న జాక్‌కు వెళ్తోంది. ప్రీఆంప్ లేదన్నమాట.

మీరు చెప్పిన పరీక్ష కూడా చేశాను. రివర్బ్ ఆపి, కోరస్ ఆన్ చేసి, డెప్త్ సున్నా. ఆరో తీగ వచ్చేసింది! కోరస్ ఆపగానే మళ్లీ రేకు డబ్బా. పదిసార్లు నొక్కి, పదిసార్లు విన్నాను. నా చేతిలోని గిటారు ఇంత నిండుగా పలుకుతుందని తెలియక రెండు నెలలు వేళ్లనూ తీగలనూ మార్చుకుంటూ కూర్చున్నాను.

మరి ఇప్పుడు ఏం కొనాలి? కంప్రెసరా, డిలేనా?

టంకంపొగ:
రెండూ కాదు. ముందు ప్రీఆంప్. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయకూడదు. తర్వాత ఎన్ని పెడళ్లు పెట్టినా అవి తమ దగ్గరికి వచ్చిన దాన్నే పెద్దది చేస్తాయి. పీల గొంతు వస్తే పీల గొంతునే హాలంతా పరుస్తాయి.

పీజో కోసమే చేసిన ప్రీఆంప్ డీఐ (గిటారును నేరుగా మిక్సర్‌కు కలిపే) పెట్టెలు ఉన్నాయి. ఎల్.ఆర్. బ్యాగ్స్ పారా డీఐని ఉదాహరణగా తీసుకోండి. ఇన్‌పుట్ 10 మెగా ఓమ్‌లు. 9 వోల్టుల బ్యాటరీతోనో, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తుతోనో (మైకు కేబుల్ మీదుగానే వచ్చేది) నడుస్తుంది. వేరే ఏదైనా పర్వాలేదు. కొనే ముందు చూడవలసిన అంకె ఒక్కటే, ఇన్‌పుట్ ఇంపీడెన్స్. గిటారు తర్వాత మొదట ఉండవలసినది అదే, దాని తర్వాతే మిగతావి.

ఒక హెచ్చరిక కూడా. పెడళ్ల జాబితాలో ఎకౌస్టిక్ అనే పేరు కనబడగానే కొనవద్దు. బాస్ కంపెనీ ఏసీ-3 లాంటి ఎకౌస్టిక్ సిమ్యులేటర్లు ఎలక్ట్రిక్ గిటారును ఎకౌస్టిక్‌లా వినిపించడానికి చేసినవి. మీకు పనికిరావు.

మిక్సర్‌వెనుక:
వేదికల దగ్గర శబ్దం చూసుకునే పని నాది. టంకంపొగ గారి లెక్కలతో పేచీ లేదు కానీ, వేదిక మీద 10 మెగా ఓమ్‌ల నిండు మంద్రం ప్రతిసారీ వరం కాదు. స్పీకర్లు గట్టిగా మోగే చోట ఆ మంద్రమే తిరిగి గిటారు పెట్టెలోకి దూరి గుమ్మని మోగుతుంది. 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ చేసే కోత ఒక్కోసారి నాకు సాయమే చేసింది. ఇంట్లో రికార్డింగుకు 10, గట్టి వేదికకు 1 అయినా చాలు.

టంకంపొగ:
ఒప్పుకుంటాను, కానీ కొంతవరకే. కోత కావాలంటే ప్రీఆంప్‌లో ఎంత కావాలో అంత కోసుకోవచ్చు. గుమ్మంలోనే పోగొట్టుకున్న దాన్ని తర్వాత ఈక్యూతో (ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో మార్చే నాబ్‌లతో) లేపితే దాంతోపాటు బుస కూడా లేస్తుంది.

మిక్సర్‌వెనుక:
అదీ నిజమే. కోసే నాబ్ చేతిలో ఉంటే సరే.

ఆరుతీగలు గారికి ప్రీఆంప్ వచ్చాక మొదట పనికొచ్చేది ఈక్యూ కాబట్టి, నేను వేదిక దగ్గర చేసే పని చెబుతాను. ముందు 80 హెర్ట్జ్ కింద కోత పెడతాను. అక్కడ గిటారు స్వరాలు లేవు, కాలి తాకిడి, వేదిక అదురు మాత్రమే ఉంటాయి. తర్వాత పీజోకు సహజంగా ఉండే పలుచటి కరకు గొంతు, 1,500 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో కూర్చుంటుంది. ఈక్యూలో ఒక బ్యాండ్‌ను (ఒక ఇరుకు శ్రేణిని) బాగా పెంచి, మెల్లగా అటూఇటూ జరుపుతూ ఎక్కడ చెవిని ఎక్కువగా గుచ్చుతుందో పట్టుకోండి. ఆ చోటనే 3 డెసిబెళ్లు తగ్గించండి. గట్టిగా కొట్టినప్పుడు రబ్బరు లాగి వదిలినట్లు వచ్చే శబ్దం చాలావరకు సర్దుకుంటుంది.

ఇక కూత, అంటే స్పీకర్ల శబ్దం తిరిగి గిటారులోకి దూరి పుట్టే ఫీడ్‌బ్యాక్. పెద్ద శరీరం ఉన్న గిటార్లలో పెట్టెలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అందుకే ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గరి జి, 98 హెర్ట్జ్, చుట్టుపక్కల కూత మొదలవుతుంది. ప్రీఆంప్‌లో నాచ్ ఉంటే అక్కడ సన్నటి గాటు పెట్టండి. దానికంటే ముందు గిటారు రంధ్రానికి రబ్బరు మూత పెట్టి చూడండి. చిన్న వస్తువే, ఎన్నో సాయంత్రాలను కాపాడింది. ఫేజ్ మీట (సంకేతాన్ని తలకిందులు చేసేది) ఉంటే ఒకసారి తిప్పి వినండి, రెండింట్లో ఏది ప్రశాంతంగా ఉంటే అటు వదిలేయండి.

చెక్కనాదం:
పైన నేను అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పెట్టె నాదం లేకుండా ఈక్యూతో ఎంతకాలం సర్దుకుంటారు?

వేలికొస:
చెక్కనాదం గారూ, దానికీ దారి వచ్చింది. గిటారును మంచి మైకుతో రికార్డు చేసి, పీజోకూ మైకుకూ మధ్య తేడాను ఇంపల్స్ రెస్పాన్స్ అనే ముద్రగా భద్రపరుస్తారు. ఆ ముద్రను పీజో సంకేతం మీద వేసే పెడళ్లు ఉన్నాయి, ఫిష్‌మన్ ఆరా పని చేసేది అలాంటి పద్ధతిలోనే. మొత్తం ముద్రే వినిపిస్తే అద్దంలోంచి విన్నట్లు ఉంటుంది. మూడో వంతు ముద్ర, రెండు వంతుల పీజో కలిపితే మాత్రం పెట్టె గాలి ఊపిరి పోసుకుంటుంది. మీరు వినవలసిన శబ్దం అది.

చెక్కనాదం:
వింటాను. మైకును మాత్రం వదలను.

ఆరుతీగలు:
రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ప్రీఆంప్ వచ్చింది, గిటారుకు పక్కనే పెట్టాను. ఇప్పుడు పెడళ్లు ఆన్ చేసినా ఆపినా గిటారు గొంతు మారడం లేదు. మిక్సర్‌వెనుక గారు చెప్పినట్లు బ్యాండ్ పెంచి జరిపితే 2,000 దగ్గర చెవి మూసుకోవలసి వచ్చింది. అక్కడే తగ్గించాను.

ఒక చిక్కు. ఇంతకుముందు ఎంతో బాగుందనిపించిన రివర్బ్, కోరస్ ఇప్పుడు ఎక్కువైనట్లు అనిపిస్తున్నాయి. నాబ్‌లు అవే స్థానాల్లో ఉన్నాయి.

వేలికొస:
చాలా సంతోషం. ఎక్కువ అనిపించడం సహజమే. గిటారు సన్నగా ఉన్నప్పుడు ఆ ఖాళీని నింపడానికి పెట్టిన మోతాదులు అవి. ఇప్పుడు నింపడానికి ఖాళీ లేదు.

రివర్బ్ నా ప్రాణం కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. వేలికొసతో తీగ మీటగానే వచ్చే ఆ మొదటి చిటుకు ఉంది చూడండి, వేళ్లతో వాయించే సంగీతానికి అదే అక్షరం. రివర్బ్ దాని మీద పడితే మాట తడబడినట్లు ఉంటుంది. పెడల్‌లో ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆగే సమయం) ఉంటే 20 నుంచి 30 మిల్లీసెకన్లు పెట్టండి. చిటుకు విడిగా వినబడి, ఆ తర్వాత గది తెరుచుకుంటుంది. లోకట్ ఉంటే రివర్బ్‌లోకి మంద్రం వెళ్లకుండా ఆపండి, బొటనవేలు వేసే బేస్ స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోవు. మిక్స్ ఎంత అంటే, పెడల్ ఆపినప్పుడు మాత్రమే అది ఇంతసేపూ ఉందని తెలియాలి. ఇంట్లో పెట్టుకున్న మోతాదును హాలులో సగం చేయండి. హాలుకు సొంత ప్రతిధ్వని ఉంటుంది.

కోరస్ విషయంలో నాకు అంత ప్రేమ లేదు. పన్నెండు తీగల గిటారులా వినిపిస్తుందని కొంటారు. పన్నెండు తీగల గిటారులో కింది నాలుగు జతలు పైస్థాయి జోడీలు, పై రెండు జతలు మాత్రమే ఒకే స్వరం. కోరస్ చేసేది శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని ఊపి, అసలు దానితో కలపడం. పైస్థాయి స్వరం అందులో ఎక్కడా పుట్టదు.

తిరుగులూపు:
కోరస్‌ను అలా తీసిపారేయకండి. 1976లో బాస్ కంపెనీ తెచ్చిన సీఈ-1 కోరస్ నుంచి ఇప్పటిదాకా అది బతికి ఉందంటే ఊరికే కాదు. రేట్ (ఊపు వేగం) చాలా తక్కువగా, డెప్త్ పావు వంతుగా పెట్టి, మెల్లగా విరిచి వాయించే కార్డుల మీద వినండి. పన్నెండు తీగల గిటారు కాదు, ఒప్పుకుంటాను. నీటి మీద వెలుగు కదిలినట్లు ఉంటుంది. గట్టిగా స్ట్రమ్మింగ్ చేసేటప్పుడు మాత్రం ఆపేయండి.

డిలే గురించి మొదట్లో అడిగారు. పాట వేగం తెలిస్తే మోతాదు దొరికినట్లే. 60,000ను నిమిషానికి ఉన్న బీట్ల సంఖ్యతో భాగించండి. 120 బీట్లకు 500 మిల్లీసెకన్లు. దానిలో ముప్పావు, అంటే 375 పెడితే మీరు మీటిన స్వరాల మధ్య సందుల్లో ప్రతిధ్వనులు దూరి తాళం అల్లుకుంటుంది. ఇది ఈనాటి ఊహ కాదు. బ్రిటిష్ గాయకుడు, గిటారిస్టు జాన్ మార్టిన్ 1970 దశకం తొలినాళ్లలోనే ఎకౌస్టిక్ గిటారును ఎకోప్లెక్స్ అనే టేప్ డిలే యంత్రంలోకి పంపి, ఒక్కడే కూర్చుని ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నంత అల్లిక చూపించాడు. ఎకౌస్టిక్‌కు పెడళ్లు పరాయివి అనేవారికి నేను చెప్పే మొదటి పేరు ఆయనదే.

మిక్సర్‌వెనుక:
డిలే కొనండి, కంప్రెసర్‌ను వాయిదా వేయండి. కంప్రెసర్ గట్టి శబ్దాన్ని అణిచి, దానికి బదులు మొత్తాన్ని పైకి లేపుతుంది. చిన్న శబ్దాలు లేచినప్పుడు కూత కూడా వాటితో పాటే లేస్తుంది. అంత శ్రమపడి నాచ్‌తో ఆపిన కూతను మళ్లీ తలుపు తీసి పిలిచినట్లు. తప్పదంటే నిష్పత్తి 2 లేదా 3కి 1, అటాక్ (అణచడం మొదలవడానికి పట్టే సమయం) 30 మిల్లీసెకన్ల చుట్టూ, తగ్గింపు 3 డెసిబెళ్లు దాటకుండా చూసుకోండి. అటాక్ మరీ త్వరగా ఉంటే వేలికొస గారు చెప్పిన ఆ చిటుకే ముందుగా చచ్చిపోతుంది.

ఆరుతీగలు:
డిలే తీసుకున్నాను, అది డిజిటల్ పెడల్. అయితే మూడు పెడళ్లనూ ఒకే అడాప్టర్ నుంచి పాయలుగా చీలిన తీగతో నడిపిస్తుంటే దోమ కూసినట్లు సన్నటి శబ్దం వస్తోంది. డిలే తీసేస్తే పోతోంది. ఇంకొకటి, కాలితో శబ్దం తగ్గించుకోవడానికి వాల్యూమ్ పెడల్ కూడా కావాలి. 25 కిలో ఓమ్‌లు, 250 కిలో ఓమ్‌లు అని రెండు రకాలు కనబడుతున్నాయి.

టంకంపొగ:
దోమ శబ్దం డిజిటల్ పెడల్ లోపలి గడియారానిది. ఒకే పాయ మీద ఉన్న మిగతా పెడళ్లకు అది గ్రౌండ్ ద్వారా పాకుతోంది. విడివిడి ఐసొలేటెడ్ అవుట్‌పుట్లు ఉన్న పవర్ సప్లై పెడితే పోతుంది. కొనేటప్పుడు ప్రతి పెడల్ అడుగున రాసిన మిల్లీఆంపియర్లు చూడండి. పాత తరహా అనలాగ్ పెడళ్లకు పది ఇరవై చాలు, డిజిటల్ వాటికి 100 నుంచి 300 దాకా కావాలి. చాలా పెడళ్లు 9 వోల్టులు, మధ్య పిన్ నెగెటివ్. అయినా ప్రతిదానిమీదా బొమ్మ చూసి నిర్ధారించుకోండి, తిరగబడితే పెడల్ కాలిపోవచ్చు.

వాల్యూమ్ పెడల్ ప్రీఆంప్ తర్వాత పెడుతున్నారు కాబట్టి 25 కిలో ఓమ్‌ల రకం. 250 రకం ప్రీఆంప్ లేని అయస్కాంత పికప్‌ల కోసం. ఏ రకమైనా పీజోకూ ప్రీఆంప్‌కూ మధ్య మాత్రం పెట్టవద్దు. 25 పెడితే మొదటి రోజు రేకు డబ్బా మళ్లీ వచ్చేస్తుంది.

ఆరుతీగలు:
పవర్ సప్లై మార్చాను, దోమ పోయింది. ఇప్పుడు వరస ఇది: గిటారు, ప్రీఆంప్, వాల్యూమ్, కోరస్, డిలే, రివర్బ్, మిక్సర్. కోరస్ తిరుగులూపు గారు చెప్పిన మోతాదులో, మెల్లగా సాగే ఒక్క పాటకే వాడుతున్నాను. మొన్న ముప్పైమంది ముందు వాయించాను. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి పెడళ్ల వైపు చూసి, ఇవన్నీ ఆన్‌లో ఉన్నాయా అని అడిగారు. రివర్బ్ అంత తక్కువగా ఉంది. వేలికొస గారు గుర్తొచ్చారు.

లూపర్ (వాయించినదాన్ని రికార్డు చేసి తిరిగి తిరిగి వినిపించే పెడల్) కూడా పెట్టాలని ఉంది. పెట్టె మీద అరచేత్తో తట్టి తాళం వేసుకుని, దానిపై వాయించాలని. ఎక్కడ పెట్టాలి?

తిరుగులూపు:
రివర్బ్ తర్వాత, అన్నిటికంటే చివర. అప్పుడు తాళం ఒక రివర్బ్‌తో, పైన వాయించేది ఇంకో రివర్బ్‌తో భద్రపరచుకోవచ్చు. రివర్బ్‌కు ముందు పెడితే మీరు నాబ్ కదిపిన ప్రతిసారీ లూప్‌లో ఉన్నదంతా దాంతోపాటు మారిపోతుంది.

తట్టడం విషయంలో ఒక మాట. శాడిల్ కింది పీజోకు తట్టిన శబ్దం అంత బాగా అందదు. తట్టే చోటు మార్చి మార్చి వినండి. బ్రిడ్జికి కాస్త దిగువన, చేతి మడమతో, తీగలను రెండో చేత్తో పట్టుకుని తట్టండి. తీగలు పట్టుకోకపోతే అవి కూడా సన్నగా మోగి, ప్రతి చుట్టుకూ ఆ మోత పోగుపడుతుంది. 80 హెర్ట్జ్ కోతను లూప్ చేసే పాటకు 60కి దించి చూడండి, డోలు అడుగు కొంచెం వస్తుంది. మిక్సర్‌వెనుక గారు ఒప్పుకుంటేనే.

మిక్సర్‌వెనుక:
60 దాకా సరే. రంధ్రానికి మూత పెట్టాకే.